అది మొక్కు జుట్టు కాదు

మా తమ్ముడు ఢిల్లీబాబును మా వీధి ఆరు నెలలపాటు సామి అని పిలిచి దండాలు పెట్టింది. ఆ ఆరు నెలలూ వాడు లోలోపల చావుకు దగ్గరవుతున్నాడు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెబితే మా వీధివాళ్ళకు ఒళ్ళు మండుతుంది. మండనీ.

నా పేరు లీలావతి. నగరిలో ఆశా కార్యకర్తను. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి దగ్గు, ఎవరికి షుగరు, ఎవరు నెల తప్పారు అని అడిగి రాసుకోవడం నా పని. ఢిల్లీబాబు నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. నా పక్క వీధిలోనే కాపురం. నా సంచీలో రిజిస్టరు చూసినప్పుడల్లా "కలెక్టరమ్మ వచ్చింది, లేచి నిలబడండి" అని ఎగతాళి చేసేవాడు.

మా నాయన గుంట మగ్గం మీద నేసినవాడు. వీడు పదో తరగతి తప్పి, పవర్‌లూమ్ షెడ్డులో చేరాడు. పాతికేళ్ళు అక్కడే. ఎనిమిది మగ్గాలు ఒక్కడే చూసుకునేవాడు. ఆ షెడ్డులోకి మీరెప్పుడైనా వెళ్ళారో లేదో, పక్కన పిడుగు పడినా తెలియదు. అంత మోతలో ఏ మగ్గం మీద పోగు తెగిందో వీడు చెవితోనే పట్టేవాడు. పైగా పాటలు పాడేవాడు. ఎవరికీ వినిపించదని తెలిసి కూడా పాడేవాడు. నాకు వినిపిస్తే చాలు గదా అనేవాడు. ఆదివారం బోటి కూర లేకపోతే అలిగేవాడు. టీ కొట్టు దగ్గర నిలబడి మాలో ఎవరు ఎలా నడుస్తారో నడిచి చూపించి అందరినీ నవ్వించేవాడు. దేవుడంటే వాడికి వైరం లేదు, పెద్ద స్నేహమూ లేదు. పండగొస్తే దండం పెట్టేవాడు, అంతే. ఇలాంటివాణ్ణి పట్టుకుని మా వీధి భక్తుణ్ణి చేసింది.

ఎలా చేసిందో చెబుతాను. మాది తమిళనాడు గట్టు మీది ఊరు. పెరటాసి నెల వస్తే శనివారాలన్నీ వెంకటేశ్వరస్వామివి. నెలంతా ఎవరింట్లోనూ నీచు వండరు. మగవాళ్ళు గడ్డాలు పెంచుతారు. నెల దాటిన మొదటి ఆదివారం మంగలి షాపు ముందూ మటన్ కొట్టు ముందూ నిలబడడానికి చోటుండదు. పోయిన ఏడు ఆ ఆదివారం ఢిల్లీబాబు ఆ రెండు చోట్లా కనబడలేదు. గడ్డం అలాగే ఉంచాడు. కోమలి, అంటే వాడి పెళ్ళాం, బోటి వండి పెడితే అన్నం తట్ట పక్కకు జరిపి వద్దన్నాడు.

ఇంకెక్కడైనా అయితే ఏమప్పా ఒంట్లో బాగలేదా అని అడుగుతారు. మా దగ్గర అడగరు. గడ్డం పెంచినవాడికి మొక్కు ఉన్నట్టు. మొక్కు ఏమిటని అడిగితే ఫలం పోతుందట. అడిగినవాళ్ళకు పాపమట. ఎవరు కనిపెట్టారో గానీ ఎంత సుఖమైన నమ్మకం చూడండి. ఎవరి కష్టమూ ఎవరూ అడగనక్కర్లేదు, పైగా పుణ్యం.

కోమలికి ఆగస్టులో రొమ్ములో గడ్డ వస్తే తిరుపతిలో తీయించారు. పరీక్షకు పంపితే మామూలు గడ్డే, భయం లేదన్నారు. అందుకని మొక్కు తన కోసమేనని కోమలి తీర్మానించుకుంది. మా ఆయనకు నా మీద అంత ప్రేమ ఉండాదని నాకే తెలీదు వదినా అని నా దగ్గర కళ్ళు తుడుచుకుంది. వాడు అరుగు మీద పడుకోవడం మొదలుపెడితే అది కూడా మొక్కు నియమమే అనుకుని తలుపు మెల్లగా వేసుకునేది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు. మిగతావాళ్ళను తిట్టడానికి మాత్రం ఒక్క నోరు చాలదు.

వాళ్ళలో మొదటిది వరదమ్మ. కోమలి ఎదురింట్లో ఉంటుంది. వాడు తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చోవడం ఆమె చూసింది. బ్రహ్మ ముహూర్తంలో ధ్యానం చేస్తాండాడని వీధంతా చాటింది. ధ్యానమట. నిద్ర పట్టక, పట్టినది నిలవక, తెల్లవారితే మళ్ళీ ఇంకో పగలు గడపాలే అని గుండె దడదడలాడుతుంటే మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మనిషి వాడు. వరదమ్మ వెళ్ళి అరుగు ముందు ముగ్గు పెట్టింది.

రెండోవాడు తిరుమలయ్య. మా వీధి భజన గుంపుకు ఆయనే పెద్ద. వీడు మాట తగ్గించేసరికి మౌనవ్రతం అన్నాడు. శనివారం భజనలో తీసుకుపోయి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. భజన అయిపోయినా వీడు లేవలేదు. కాళ్ళలో శక్తి లేక, లేవాలన్న ఆలోచనే రాక అలా ఉండిపోయాడు. చూసినారా ఎంత లీనమైనాడో అని తిరుమలయ్య అందరికీ చూపించాడు. ఒకసారి వీడు నోరు తెరిచి, తప్పంతా నాదే, నావల్ల అందరికీ కష్టం అన్నాడు. దాని మీద తిరుమలయ్య అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. శరణాగతి అంటే అదేనట. మనిషి తనను తాను పనికిమాలినవాడు అనుకుంటుంటే జనం తాళాలు వాయించారు.

షెడ్డులో సంగతి చెప్పనక్కర్లేదు. ఎనిమిది మగ్గాలు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి. పోగు తెగి గుడ్డలో సందులు పడుతున్నా వీడు దాని ముందే నిలబడి చూస్తూ ఉండేవాడు. చివరికి షెడ్డు యజమాని వీడికి మగ్గాలు తీసేసి, ముసలివాళ్ళు చేసే పని, కండెలకు నూలు చుట్టే పని ఇచ్చాడు. పాతికేళ్ళ పనివాడికి అంత అవమానం జరిగితే పాత ఢిల్లీబాబు అయితే షెడ్డు పైకప్పు ఎగిరిపోయేది. వీడు తల ఊపి వెళ్ళి కూర్చున్నాడు. ఎంత వినయం వచ్చేసిందో అన్నారు.

మనిషి బక్కచిక్కిపోయాడు. నడుముకు బెల్టు మూడు రంధ్రాలు లోపలికి పోయింది. ఉపవాసాలన్నారు. వరదమ్మ తన కోడలి పరీక్ష హాల్ టికెట్ తెచ్చి, సామీ నీ చెయ్యి ఒకసారి పెట్టు అంది. నా చెయ్యి మంచిది కాదమ్మా, నాది పెట్టొద్దు అని వీడు చేతులు వెనక్కి దాచుకున్నాడు. పెద్ద మహిమ ఉన్నవాళ్ళు ఇట్లనే అంటారని ఆమె హాల్ టికెట్ వాడి కాళ్ళకు తాకించుకుని పోయింది. సిగ్గుండాలి.

తర్వాత వస్తువులు ఇచ్చేయడం మొదలుపెట్టాడు. చేతి గడియారం వరదమ్మ కొడుక్కి ఇచ్చాడు. పాటలు వినే స్పీకరు తిరుమలయ్య తీసుకుపోయాడు. మంచి చొక్కాలు రెండు షెడ్డులో ఎవరికో పోయాయి. వైరాగ్యం, వైరాగ్యం అంటూ అందరూ చేతులు చాచారు. ప్రాణం మీద ఆశ వదులుకున్న మనిషి చేసే పని అది. మా వీధికి మాత్రం ఊరికే వచ్చిన గడియారం కనబడింది.

అన్నీ తెలిసినదానిలా మాట్లాడుతున్నావు గదా, ఆశా కార్యకర్తవు, నువ్వేం చేశావు అని మీరు అడగాలి. అడగండి. మేము నింపే ఫారంలో చివర రెండు ప్రశ్నలు ఉంటాయి. గడిచిన రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా, ఇక ఏ ఆశా లేనట్టు అనిపించిందా అని. ఆ రెండింటినీ నేను ఎవరినీ అడిగేదాన్ని కాదు. నూలు ధర ఇట్లుంటే దిగులు లేనివాడెవడు, ఇదొక ప్రశ్నా అని నవ్వుకుని, ఇంట్లో కూర్చుని అందరికీ "లేదు" అని టిక్కులు పెట్టేదాన్ని. జనవరిలో మా తమ్ముడి ఇంటి ఫారం కూడా, వాళ్ళింట్లోనే కూర్చుని, అలాగే నింపాను. వాడు పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. బీపీ మాత్రం చూశాను.

ఫిబ్రవరి చివరికి జుట్టు మెడ మీదికి దిగింది. ఇక మొక్కు తీర్చాల్సిందేనని తిరుమలయ్య నిర్ణయించాడు. ఎవరి మొక్కు ఎవరు నిర్ణయిస్తారు? మా వీధిలో అలాంటివి అడగరని చెప్పాను గదా. వ్యాను మాట్లాడారు. పద్నాలుగు మందిమి ఎక్కాం. వాడికి పసుపు పంచె కట్టి, మెడలో దండ వేశారు. రమ్మంటే వచ్చాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు పొడుగునా గోవిందలు కొట్టారు. వాడు కిటికీ లోంచి కూడా చూడలేదు.

సాయంత్రానికి పైకి చేరి, రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే కల్యాణకట్టకు తీసుకుపోయాం. క్షురకుడు యాభై ఏళ్ళ మనిషి. మా తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టుకుని తల మీద నీళ్ళు చల్లి, రెండు చేతులతో జుట్టు తడిపాడు. తడుపుతూ తడుపుతూ ఆగాడు. వేళ్ళు జుట్టులోకి దిగడం లేదు. ఒకసారి వాడి మొహం చూశాడు, ఒకసారి మెడలో దండ చూశాడు, తర్వాత చుట్టూ ఉన్న మా పదముగ్గురినీ చూశాడు.

"ఏం మొక్కప్పా నీది?" అని అడిగాడు.

ఆరు నెలల్లో వాణ్ణి ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. తిరుమలయ్య అడ్డం వచ్చి మొక్కు అడగకూడదు సామీ అన్నాడు. మా తమ్ముడు తల వంచుకునే చెప్పాడు.

"మొక్కేం లేదప్పా. చవరం చేయించుకోబుద్ధి కాలేదు, అంతే. స్నానం కూడా చెయ్యబుద్ధి కాదు. యాడికీ లేవబుద్ధి కాదు."

కోమలి మొహం చూడలేకపోయాను. ఆమె వాడి పంచె అంచు పట్టుకుని కూర్చుని ఉంది. అది వదిలేసి, మళ్ళీ పట్టుకుంది.

క్షురకుడు కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. నా మెడలో గుర్తింపు కార్డు ఉంది, బహుశా అందుకే. "రోజుకు ఎన్ని తలలు చూస్తానో నాకే లెక్క తెలీదు తల్లీ. మొక్కు జుట్టంటే నూనె పెట్టి, దువ్వి, దేవుడి సొమ్మని కాపాడుకుంటారు. ఇది మొక్కు జుట్టు కాదు. మనిషి తనను వదిలేసుకున్న జుట్టు. డాక్టరుకు చూపించండి" అన్నాడు. ఇరవై రోజుల శిక్షణ, సర్టిఫికెట్టు, నీలం చీర, ఇవన్నీ నావి. చూడగలిగిన కళ్ళు ఆయనవి.

గుండు అయ్యాక నేను వాణ్ణి కిందికి తీసుకుపోతానన్నాను. వరదమ్మ నోరు నొక్కుకుంది. ఇంతదూరం వచ్చి దర్శనం కాకుండా పోతే అరిష్టమంది. మీరు చేసుకోండి, మీకు కావాల్సినంత పాపం ఉండాది అన్నాను. పదకొండు మంది క్యూలోకి పోయారు. మేం ముగ్గురం బస్సెక్కి తిరుపతి దిగాం.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ చిన్న వయసుది. మొదట కోమలిని అడిగింది, తర్వాత వాణ్ణి. తొందరపడలేదు. మేము ధ్యానం అన్నదీ, ఉపవాసం అన్నదీ, మౌనం, వినయం, వైరాగ్యం అన్నవీ కోమలి ఏడుస్తూ ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె మామూలుగా రాసుకుంటూ పోయింది. రెండు వారాలకు మించి రోజంతా ఇలా ఉంటే, ఇష్టమైనవి కూడా ఇష్టం లేకుండా పోతే, నిద్రా ఆకలీ చెడితే, తాను దేనికీ పనికిరానని మనిషికి గట్టిగా అనిపిస్తుంటే, దాని పేరు డిప్రెషన్ అని చెప్పింది. జబ్బే గానీ బద్ధకం కాదు, మనసు గట్టి చేసుకుంటే పోయేది కాదు అంది. అందరూ ఏడుస్తూ కనబడరట. కొందరు ఊరికే ఆగిపోతారట.

తర్వాత, "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని వాణ్ణి సూటిగా అడిగింది. నేను అడ్డం పడ్డాను. అట్లా అడిగితే లేనిది గుర్తు చేసినట్టు గదా మేడం అన్నాను. అడిగితే కొత్తగా పుట్టదమ్మా, లోపల ఉన్నది బయటికొస్తుంది, అంతే అని ఆమె మళ్ళీ వాడి వైపే చూసింది.

"అనిపిస్తాది మేడం" అన్నాడు. "కొండకు కూడా అందుకే వచ్చినా. అందరూ ఒగ వ్యాన్లో ఉంటారు గదా, కడాసారి సూసుకుందామని."

గోవిందలు కొడుతూ మేం వాణ్ణి తీసుకుపోయామని అనుకున్నాం. వాడు మా దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చాడు.

పది రోజులు వార్డులో ఉంచుకున్నారు. మాత్రలు పని చేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, బాగున్నట్టు అనిపించగానే మానేయకూడదు, ఇంట్లో ఒంటరిగా వదలకూడదు అన్నారు. ఐదో వారం వాడు ఒకరోజు చారులో పులుపెక్కువైందన్నాడు. ఆ మాటకు కోమలి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ఎనిమిది నెలలైంది. నాలుగు మగ్గాలు చూసుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి మళ్ళీ వెనక్కి జారాడు, డాక్టరమ్మ మందు మార్చింది. ఇంకా పాడడం లేదు. మటన్ మాత్రం తింటున్నాడు.

మా వీధికి అదే బాధ. నిక్షేపంలాంటి సామిని మాత్రలు మింగించి చెడగొట్టిందని వరదమ్మ నా మీద చెప్పుకుంటోంది. తిరుమలయ్య భజనలో ముందు వరుసకు ఇంకెవర్నో చూసుకున్నాడు. గడియారం, స్పీకరు వెనక్కి రాలేదు, నేను అడిగితే ఇచ్చిన దానం తిరిగి అడుగుతారా అని నన్నే నిలదీశారు. వాళ్ళకు బుద్ధి వస్తుందని నేను అనుకోవడం లేదు.

వీధిని ఇంతసేపూ తిట్టాను. తిట్టడం నాకు బాగా వచ్చు. కానీ డాక్టరమ్మ గదిలో జరిగింది ఒకటి చెప్పకుండా దాటేశాను.

వాడు ఆ మాట అన్నాక, ఈ ఆలోచన ఇంతకు ముందు ఎవరితోనైనా చెప్పావా అని ఆమె అడిగింది. ఎవరికి చెబుతాడు మేడం, మాట్లాడితే గదా అని నేనే అందుకున్నాను. వాడు నెమ్మదిగా, "అక్కకు చెప్పినా" అన్నాడు.

చెప్పాడు. జనవరిలో, ఒక పొద్దున, నేను పుత్తూరులో మీటింగుకు బయల్దేరుతుంటే మా గుమ్మం దాకా వచ్చాడు. "అక్కా, నేను లేకపోతే అందరికీ నెమ్మదిగా ఉంటాది" అన్నాడు. నేను చెప్పులు వేసుకుంటూ, "హిమాలయాలకు పోతావా సామీ? నా బీపీ మిషను కూడా తీసకపో, ఆడ చలికి పనికొస్తాది" అన్నాను. వాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగి, మీరేమన్నారమ్మా అని అడిగింది. నేను ఏమన్నానో చెప్పాను. వాడే నాకోసం అడ్డం వచ్చాడు.

"అక్క తప్పేం లేదు మేడం. ఆమెకు బస్సుకు టైమైపోతా ఉన్నింది."

ఆ రోజు బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. స్టాండులో కూర్చుని ఆ బీపీ మిషను మాట ఇంకో ఇద్దరికి చెప్పి నవ్వించాను.